ఇంకో తల కుదరని బొమ్మ

నా కంప్యూటర్లో ఒక ఆడమనిషి కుర్చీలో కూర్చుని ఉండేది. ఆమెకు తల లేదు. ఆకుపచ్చ పట్టుచీర, ఎర్ర అంచు, ఒళ్లో ఒకదాని మీద ఒకటి పెట్టుకున్న చేతులు, మెడ దగ్గర తెగిన గీత. అంతే ఆమె.

పుంగనూరులో నాది ఫోటో స్టూడియో. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫోటోలు అందరూ చేస్తారు, నేనూ చేస్తాను. నాకు పేరు తెచ్చింది మాత్రం పోయినవాళ్ల పటాలు. ఇంట్లో ఆడమనిషి పోతే పదకొండో రోజు దినానికి పటం తయారుగా ఉండాలి. దానికి దండ వేయాలి, ముందర దీపం పెట్టాలి. ఇప్పుడు ప్రతి ఇంట్లో సెల్లు నిండా ఫోటోలున్నాయి. అయినా అందులో ఆ ఇంటి అమ్మ ఉండదు, ఉన్నా వడ్డిస్తూ వంగి ఉంటుంది, లేకపోతే ఎవరి భుజం వెనకనుంచో సగం కనబడుతుంది. అందుకని కొడుకులు ఆధార్ కార్డు పట్టుకొని వస్తారు. "అమ్మను కుర్సీలో కూసున్నెట్టు సెయ్యప్పా, పట్టుసీరతో" అంటారు. నేను కార్డులోంచి తల కత్తిరించి, నా దగ్గరున్న ఒంటి మీద అతికించి, మెడ రంగు కలిపి, వెనక నీలం తెర వేసి ఇస్తాను. పటం చేతికి తీసుకొని ఏడ్చేవాళ్లను రోజూ చూస్తుంటాను. "అచ్చం మాయమ్మే" అంటారు.

బి.కొత్తకోట నుంచి కుప్పం పక్కన గుడుపల్లె దాకా ఎన్ని గోడల మీద ఆ ఒక్క ఒళ్లు కూర్చుని ఉందో నాకు తెలియదు. పొడుగామెకూ అదే, పొట్టామెకూ అదే. భర్త ఉండగా పోయినామెకు గాజులూ పూలూ అట్లాగే ఉంచేవాణ్ణి. భర్త పోయాక పోయినామెకు గాజులు చెరిపేసి, చీర రంగు మార్చేవాణ్ణి. రెండు ఫైళ్లు ఉండేవి. ఒక్కరంటే ఒక్కరు కనిపెట్టలేదు. జనం ముఖం చూస్తారు, ముఖం కుదిరితే మిగతాది కళ్లకు ఆనదు. ఆ సంగతి కనిపెట్టినందుకు నన్ను చూసుకొని నేనే మురిసిపోయేవాణ్ణి.

ఆ ఒళ్లు నా భార్యది.

కంప్యూటర్ కొన్న కొత్తలో నా దగ్గర ఒళ్లే లేదు. అందరూ ఇంటర్నెట్‌లో దొరికే ఆడవాళ్ల ఒళ్లు వాడేవాళ్లు. అవి ఉత్తరాది వాళ్లవి, పైట కుడి భుజం మీదినుంచి ముందుకు వచ్చేది. ఒకసారి అట్లా చేసిచ్చాను. ఆ ఇంటి పెద్దాయన పటం ఎగాదిగా చూసి, "మాయమ్మను సేట్లామెను జేసినావేమప్పా?" అని అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. మరునాడే మా ఆవిణ్ణి స్టూడియోకి రమ్మన్నాను, పెళ్లికి పెట్టిన చీర కట్టుకొని.

ఆమెది మదనపల్లె. పెళ్లికి ముందు ఐదారేళ్లు టమోటా మార్కెట్లో కాయలు ఏరే పనికి పోయింది. ప్లాస్టిక్ బాక్సు బోర్లించి దాని మీద కూర్చొని, కుడివైపు గుట్టలోంచి కాయ తీసి, పండుది ఒక బాక్సులోకి, దోరది ఒక బాక్సులోకి, మెత్తనిది పక్కకు. రోజంతా అట్లా ఏరి ఏరి ఆమె కూర్చోవడమే ఒక పక్కకు ఒరిగిపోయింది. కుర్చీలో కూర్చున్నా కుడివైపుకే బరువు వేస్తుంది, ఎడమ కాలు మడిచి పైకి పెట్టుకుంటుంది. కుడిచేతి చిటికెన వేలు రెండు బాక్సుల మధ్య నలిగి వంకర తిరిగింది, అది కూడా అప్పటిదే.

ఆ రోజు కూడా కుర్చీలో అట్లాగే కూర్చుంది. నాకు చిరాకేసింది. కాలు దించమన్నాను. భుజాలు పట్టుకొని సరిచేశాను. చేతులు నేనే తీసి ఒళ్లో పెట్టాను.

"ఇంత బిర్రుగా యాల కూసోవాల? నేను కూసున్నెట్టే లేదు," అంది.

"ఫోటో అంటే అట్నే కూసోవాల. ఊపిరి బిగబట్టు."

బిగబట్టింది. తీశాను. ఆ సాయంత్రమే మెడ దగ్గర కత్తిరించాను. అసలు ఫోటో దాచుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు. ఆనాటి ఆమె ముఖం ఇప్పుడు ఎక్కడా లేదు. ఆమె అడిగితే "ఏదో డిజైన్ పనికిలే" అన్నాను. తర్వాత ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. పదిహేనేళ్లు గడిచిపోయాయి.

పోయిన వేసవిలో వెంకటగిరికోటలో నాకు మేనత్త వరసయ్యే ఆమె పోయింది. భర్త ఎప్పుడో పోయాడు. ఆమె కొడుకు తల్లి పటం నా చేతనే చేయించుకున్నాడు. దినానికి మేమిద్దరం వెళ్లాం. మగవాళ్లం షామియానా కింద కూర్చున్నాం. ఆడవాళ్లు ఒక్కొక్కరే వెళ్లి పటం ముందర పూలు పెట్టి వస్తున్నారు. మా ఆవిడ వంతు వచ్చింది. పూలు పట్టుకొని నిలబడింది కానీ ఎంతకీ పెట్టడం లేదు. వెనకనున్నామె భుజం తట్టింది కూడా. ఈమె చూస్తున్నది ముఖాన్ని కాదు, కిందికి, ఒళ్లో చేతుల వైపు చూస్తోంది. తర్వాత తన కుడిచెయ్యి ఎత్తి చూసుకుంది. నేను గాజులు చెరిపాను, చీర బూడిద రంగుకు మార్చాను. వంకర తిరిగిన చిటికెన వేలు మాత్రం నా కంటికి ఎప్పుడూ ఆనలేదు.

పూలు పెట్టి వచ్చింది. భోజనాలు చేశాం. బస్సులో పలమనేరు దాకా, అక్కడినుంచి పుంగనూరు దాకా కుడిచెయ్యి కొంగులో చుట్టుకొని కూర్చుంది. ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, మంచినీళ్లు తాగి, అప్పుడు అంది.

"ఆ పటంలో ఉండేది నా సెయ్యి."

అవునన్నాను.

"ఎంతమందికి పెట్టినావు?"

ఎన్నని చెప్పను?

"గాజులు యాడికి పోయినాయి?"

"ఆయమ్మ మొగుడు లేనామె గదా. అట్లాంటోళ్లకు చెరిపేస్తాం. అది పద్ధతి."

"నా మొగుడు ఉండాడు గదా," అంది.

బతికుండగానే పెళ్లాం చేతి గాజులు తీసేసిన మొగుణ్ణి నేనే, అదీ ఎన్నిసార్లో. అంతకాలం అది నాకు మౌస్‌తో చేసే పని, అంతకుమించి ఏమీ కాదు.

మరునాడు పొద్దున ఆమెను స్టూడియోకి తీసుకెళ్లి, ఆమె చూస్తుండగా రెండు ఫైళ్లూ తీసేశాను. చూసింది. "గోడల మీద ఉండేటివి?" అని అడిగింది. దండ వేసిన పటాన్ని దింపమని ఎవరింటికి వెళ్లి చెప్పగలను? ఆ మాటే అన్నాను. అని ఊరుకోకుండా, మగబుద్ధి కదా, ఇంకో మాట కూడా అన్నాను. "నీకు మంచి ఫోటో ఒకటి తీస్తాలే, పెద్దదిగా, తలతో."

ఆమె నవ్వలేదు, అరవలేదు. "ఏం జేసుకోవాల దాన్ని? రేపు నేను పోతే నా పటం సూసినోళ్లు ఏమనుకుంటారు? ఈయప్ప పెండ్లానికి గూడా అదే ఒళ్లు అతికించినాడు అనుకుంటారు. అది నాదేనని ఎవురికి తెలస్తాది? నా ఒళ్లు నాకే పనికి రాకుండా జేసినావప్పా."

ఆ రోజునుంచి ఇంట్లో మాటలు తగ్గాయి. గ్యాస్ అయిపోయింది, పాలు తేవాల, కరెంటోళ్లు వచ్చినారు. అంతవరకే. పోట్లాడితే నేనూ తిరగబడేవాణ్ణి. ఆమె పోట్లాడలేదు. చెప్పింది నిజం కావడంతో నాకు కోపం తెచ్చుకోవడానికి కూడా చోటు లేకపోయింది. ఆమె గోడ మీదికి వెళ్లే రోజు వస్తే, ఆ రోజున ఆమె ఆమెగా ఉండాలి. అది నేనే చెడగొట్టాను, సరిచేసే దారి నాకే తెలియదు.

ఇట్లా ఉండగా కుప్పం నుంచి ఫోను వచ్చింది. మదనపల్లెలో డ్రాయింగ్ హయ్యర్ పరీక్షకు నాతోపాటు చదివిన స్నేహితుడు ఇప్పుడు కుప్పంలో ఒక కాలేజీలో బొమ్మల చరిత్ర చెబుతాడు. "మా పిల్లోళ్లకు ఒక బొమ్మ గురించి మాట్లాడాల. వస్తావా?" అన్నాడు. నాకు చదువు లేదన్నాను. "సదివినోళ్లు సెప్పింది పుస్తకాల్లో ఉండాది. నువ్వు రోజూ ఆడోళ్లను కుర్సీలో కూసోబెట్టేటోనివి. నీ కంటికి ఏం కనపడతాదో అది సెప్పు," అన్నాడు. బొమ్మ సెల్లుకు పంపాడు. దాన్ని పెద్ద షీటు మీద ప్రింటు తీసి, స్టూడియోలో టేబుల్ పైన గోడకు అంటించాను.

ఫ్రాన్సు దేశపు బొమ్మ. అక్కడ ఒక కాలంలో కొందరు చిత్రకారులు ఎండ, నీడ, పొగమంచు ఏ క్షణానికి ఎట్లా కనబడితే అట్లా పట్టుకోవాలని చూశారు. వాళ్ల తర్వాత వచ్చినవాళ్లకు ఆ క్షణం చాలలేదు. వస్తువు బరువు, దాని అమరిక, చూసేవాడి మనసు, ఇవి కూడా బొమ్మలోకి రావాలన్నారు. వీళ్లను పోస్ట్ ఇంప్రెషనిస్టులంటారు. ఈ బొమ్మ వాళ్లలో ఒకాయనది. పేరు రాయను, నాకు నోరు తిరగదు. కూర్చున్నామె ఆయన భార్య. ఎర్ర గౌను, పసుపు కుర్చీ, ఒళ్లో చేతులు, వెనక నీలం గోడకు అడ్డంగా ఒక ముదురు పట్టీ.

మొదటిరోజు నాకు ఒళ్లు మండింది. ఇదీ ఒక బొమ్మేనా అనుకున్నాను. కుర్చీ కుడివైపుకు ఒరిగింది. వెనక గోడ మీది పట్టీ ఆమెకు ఎడమపక్క ఒక ఎత్తులో, కుడిపక్క ఇంకో ఎత్తులో ఉంది. ఒక కన్ను పెద్దది. చెంప మీద ఆకుపచ్చ రంగు. వేళ్లు వేళ్లలా లేవు, పిండి ముద్దలు. ఇట్లాంటిది నేను చేసి ఇస్తే పల్లెలో నా మొహానే కొడతారు. తప్పుల జాబితా రాసుకున్నాను, పద్నాలుగు దాకా వచ్చాయి. కుప్పంలో అదే చదివేద్దామనుకున్నాను.

మదనపల్లెలో మాకు డ్రాయింగ్ నేర్పిన మాస్టారు ముక్కూ మొహమూ తర్వాత, ముందు బరువు ఎక్కడుందో చూడమనేవారు. దారానికి చిన్న రాయి కట్టి ఇచ్చేవారు. కుండైనా మనిషైనా ఆ దారం ముందర వేలాడదీసి, ఏది దానికి ఏ పక్కన పడుతుందో చూడాలి. స్టూడియో పెట్టాక ఆ దారం అవసరం నాకు రాలేదు. నేను కూర్చోబెట్టే ఒంటికి నడిమధ్యన గీత గీస్తే సరిగ్గా రెండు సగాలు. దానికి దారం ఎందుకు?

మా ఆవిడ మధ్యాహ్నం స్టూడియోకి క్యారియర్ తెస్తుంది. మాటలు తగ్గినా క్యారియర్ తగ్గలేదు, అది ఆమె మంచితనం. ఆ రోజు క్యారియర్ పెట్టి వెళ్లబోతూ ప్రింటు చూసి ఆగింది.

"ఎవురీయమ్మ?"

"గీసినాయన పెండ్లాం."

దగ్గరికి వెళ్లి చూసింది. నేను తింటూ, తెలిసినవాడిలాగా చెప్పుకుంటూ పోయాను. స్నేహితుడు పంపిన కాగితాల్లో ఉన్నదే. ఈమె ముఖంలో భావం లేదంటారు, చిరాకుగా ఉంటుందంటారు, ఆయనకు ఈమె మీద ప్రేమ లేదు, ఒక వస్తువును చూసినట్టు చూసి గీశాడంటారు.

"సిడుకేం గాదు," అంది. "నడుము నొస్తాండాది. ఎంతసేపట్నించి కూసోనుండాదో. సూడు, ఎడం పక్క మోయలేక బరువంతా ఈ పక్కకు ఏసింది."

"కుర్చీ వంకరగా వేశాడు, అందుకని అట్లా కనబడతాది."

"ఆయమ్మ ఒరిగిందని కుర్సీ గూడా ఒంచినాడు. నీకది తెలీలేదా?" అని ఇంకాసేపు చూసింది. "ఈయప్ప పెండ్లాన్ని సరిగ్గా కూసోమని అనలేదు," అని ఖాళీ క్యారియర్ కోసం ఎదురుచూడకుండా వెళ్లిపోయింది.

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. రోషం వచ్చింది కూడా. సరే, తేల్చుకుందాం అనుకున్నాను. నాకు తెలిసిన పని ఒక్కటే. ఆ బొమ్మను కంప్యూటర్లోకి ఎక్కించి, ఆమె తల తీసేసి, నా దగ్గరున్న తలలు తెచ్చి పెట్టాను. గుడుపల్లె ముసలామె తల పెట్టాను. కుదరలేదు. తిన్నగా ఉన్న తల ఆ భుజాల మీద నిలవలేదు, జారి పడుతున్నట్టుంది. తల వంచి పెట్టాను. అప్పుడు మెడ విరిగినట్టుంది. బి.కొత్తకోట నడివయసామెను పెట్టాను, రంగు మార్చాను, పచ్చదనం కలిపాను. తల కొంచెం కుదిరిందనుకునేలోపు కుర్చీ చెడిపోయింది. అంతకుముందు ఆమెను మోస్తున్న కుర్చీ ఇప్పుడు విరిగిన కుర్చీలా ఉంది. గోడ మీది పట్టీ కూడా పొసగలేదు. మూడు మధ్యాహ్నాలు అదే పని. పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాణ్ణి, ఒక్క తల అతికించలేకపోయాను.

అప్పుడు దారం తెచ్చుకున్నాను, రాయి కట్టుకున్నాను. ప్రింటు ముందర వేలాడదీశాను. గడ్డం ఒళ్లో చేతులకు పైన పడటం లేదు, పక్కకు పడుతోంది. కుడి తొడ మీదకు బరువంతా దిగింది. ఆ బరువుకు కుర్చీ వీపు ఒరిగింది. ఆ ఒరుగుకు బదులుగా గోడ పట్టీ ఒక పక్క పైకి లేచింది, లేకపోతే బొమ్మ మొత్తం కుడివైపుకు కూలిపోయేది. చెంప మీది పచ్చ ఊరికే రాలేదు, గోడ నీలమూ కుర్చీ పసుపూ కలిసి చెంప మీదకు ఎక్కాయి. చెంప గులాబీ రంగు మళ్లీ గౌను మడతల్లో అక్కడక్కడా ఉంది. నేను రాసుకున్న పద్నాలుగు తప్పులూ ఒకదాన్నొకటి పట్టుకొని నిలబెడుతున్నాయి. ఒకటి సరిచేస్తే తక్కినవి పడిపోతాయి. ఎన్ని పూటలు ఆమె ముందర కూర్చుంటే ఇది కనబడుతుంది? ప్రేమ ఉందో లేదో నాకు తెలియదు. ఆయన ఆమెను చూశాడు, అది మాత్రం ఎవరూ కాదనలేరు.

ముఖం మీద ఒక కాగితం ముక్క అడ్డం పెట్టి చూశాను. ముఖం లేకపోయినా ఆమె ఆమెలాగే ఉంది.

కుప్పానికి ఒక్కణ్ణే వెళ్లాను. క్లాసులో పాతికమంది దాకా ఉన్నారు. తెర మీద ముందు అసలు బొమ్మ చూపించి, తర్వాత నా అతుకుల బొమ్మలు చూపించాను. పిల్లలు పగలబడి నవ్వారు. నవ్వుతూనే, "సార్, తల మారిస్తే కుర్చీ ఎందుకు విరిగినట్టుంది?" అని వాళ్లే అడిగారు. బరువు సంగతి, పట్టీ సంగతి, రంగుల సంగతి చెప్పాను. క్షణం కాకుండా అమరిక కావాలనుకున్న ఆ తరంవాళ్లు దేనికోసం పాటుపడ్డారో నాకు ఆ అతుకులతోనే అర్థమైందని చెప్పాను. స్నేహితుడు వెనక బెంచీలో కూర్చొని తల ఊపుతున్నాడు. నాకు హుషారు వచ్చింది. నేను ఇదివరకు చేసిన దినం పటాలు కూడా రెండు చూపించాను, ఇక్కడ ఏ తలైనా కుదురుతుందని.

ముందు వరసలో కూర్చున్న ఒక అమ్మాయి లేచింది. "అవి మాత్రం ఎందుకు కుదురుతాయి సార్? ఆ ఒళ్లు కూడా ఎవరో ఒకరిదే కదా?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కెమెరా, లైటు, లెన్సు అని చెబితే నమ్ముతారు. "కూర్చున్నామెను ఎవరూ కానట్టు కూర్చోమన్నాను, అందుకని," అన్నాను.

"ఎవరామె?"

"నా భార్య."

అడిగిన పిల్ల కూర్చోవాలో నిలబడాలో తెలియక అట్లాగే ఉండిపోయింది. స్నేహితుడు లేచి, టీ తాగి వద్దామన్నాడు.

ఇంటికి వచ్చాక మా ఆవిడకు ఉన్నదున్నట్టు చెప్పాను. దాచితే ఇంకో పదిహేనేళ్లు మోయాలి.

"అంతమందిలో సెప్పినావా?" అంది.

"సెప్పినా."

"ఏమన్నారు?"

"ఏమీ అన్లేదు."

"నడుము నొప్పి సంగతి సెప్పినావా?"

"సెప్పినా. మా ఇంట్లో ఆమె కనిపెట్టింది అని సెప్పినా."

కంచం ముందుకు జరిపి, "సంగటి సల్లారిపోతాది, తిను," అంది. ఆ పూట నా పక్కనే కూర్చొని తను కూడా తింది. వెంకటగిరికోట నుంచి వచ్చాక అట్లా కూర్చోవడం అదే మొదటిసారి.

తింటుండగా అడిగాను. ఫోటో తీయను, చేత్తో గీస్తాను, నీకెట్లా కూర్చోవాలనిపిస్తే అట్లా కూర్చో, నేను నోరెత్తను అని. వెంటనే ఒప్పుకోలేదు. "ఊరికే కూసోలేను. పని జేసుకుంటా కూసుంటా. నీకిష్టమైతే గీసుకో," అంది.

అప్పటికి చలికాలం వచ్చింది. అనపకాయల రోజులు, అవి చిక్కుడు లాంటి కాయలు. పొద్దున మంచు విడిచాక వసారాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని, ఒళ్లో గిన్నె పెట్టుకొని, నానబెట్టిన అనప గింజలు పితికేది. బొటనవేలితో నొక్కితే పొట్టులోంచి పప్పు జారి గిన్నెలో పడుతుంది. ఎడమ కాలు కుర్చీ మీదకు మడిచి, కుడివైపుకు ఒరిగి. నేను ఎదురుగా మెట్టు మీద అట్ట పెట్టుకొని కూర్చున్నాను.

మొదటి రోజు గీసింది చూసుకొని సిగ్గుపడ్డాను. నా కళ్ల ఎదుట ఆమె ఒరిగి ఉంది, కాగితం మీద నిటారుగా ఉంది. చెయ్యి దాని అలవాటు కొద్దీ ఆమెను సరిచేసేసింది. చింపేశాను. రెండో రోజు దారం వేలాడదీసి గీశాను. ఆమె కదులుతూనే ఉంది, గింజలు అందుకుంటుంది, చీర సర్దుకుంటుంది, వీధిలో పోయేవాళ్లతో మాట్లాడుతుంది. కదలొద్దు అనే మాట పళ్ల దాకా వస్తే మింగాను. అంత తిరుగుతున్నా ప్రతిసారీ అదే ఒరుగుకు వచ్చి ఆగుతుందని మూడో రోజుకు తెలిసింది. అది పట్టుకున్నాక పని నడిచింది. ఎడమ భుజం ఎత్తుగా ఉంది. కుడి మోచెయ్యి నడుముకు ఆనుకొని ఉంది. గింజ నొక్కేటప్పుడు వంకర చిటికెన వేలు పనిలోకి రాదు, పక్కకు లేచి నిలబడుతుంది. ప్లాస్టిక్ కుర్చీ కాళ్లు ఆమె బరువుకు కుడివైపు కొంచెం విచ్చుకుంటాయి. నేను ఇంకొంచెం విచ్చుకునేలా గీశాను. ఆ ఫ్రాన్సు ఆయన ఏమీ అనుకోడు.

ఐదు రోజులకు ఒళ్లంతా వచ్చింది. ముఖం మాత్రం వేయలేదు. రేపు రేపు అంటూ జరుపుతున్నాను. వెలుతురు సరిగా లేదన్నాను, పెన్సిలు మొద్దుబారిందన్నాను. అసలు సంగతి వేరు. పోయినవాళ్ల ముఖాలు ఎన్ని గంటలైనా చూస్తాను, అవి నన్ను తిరిగి చూడవు. ఈమె చూస్తుంది. నేను తలెత్తినప్పుడల్లా ఆమె కళ్లు ఎదురవుతాయి, నేను మళ్లీ గిన్నె వైపుకో పాదం వైపుకో దిగిపోతాను. గాజుల సంగతి అడిగిన రోజు నుంచి నేను ఆమె ముఖం సరిగా చూడలేదు. సిగ్గు, మరేం కాదు.

ఆరో రోజు పక్కింటామె పెరుగు తోడు కోసం వచ్చింది. మా ఆవిడ గిన్నె దించి లోపలికి వెళ్లింది. అట్ట గోడకు ఆనించి ఉంది. పక్కింటామె దాన్ని చూసి, "అక్కోవ్, అన్న నిన్ను ఏసినాడా? బలే ఉండావే!" అని లోపలికి కేకేసింది.

మా ఆవిడ తోడు గిన్నెతో బయటికి వచ్చి నిలబడింది. "మొగమే ఎయ్యలేదు గదమ్మా. నేనేనని నీకెట్ల తెల్సె?"

"మొగం యాల? ఇట్ల ఒరక్కోని కూసునేది ఈ ఈదిలో ఇంగెవురుండారు? నేను మిద్దెక్కి గుడ్డలారేసేటప్పుడు రోజూ సూస్తానే ఉండాను," అని నవ్వి, తోడు తీసుకొని వెళ్లిపోయింది.

మా ఆవిడ అట్ట దగ్గరికి వచ్చి వంగి చూసింది. చాలాసేపు చూసింది. గింజల గిన్నె తీసుకెళ్లి వంటింట్లో పెట్టి, చేతులు కడుక్కొని, కొంగుతో ముఖం తుడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది. ఎడమ కాలు మడిచి పెట్టుకుంది. ఈసారి చేతిలో ఏ పనీ లేదు.

"ఇంగ మొగం ఎయ్యి," అంది. "నన్ను సూసి ఎయ్యి."